ప్రమాదం అంటే యాక్సిడెంట్ కాదు: మన గ్రంథాలకు అనువాదం ఎంచుకోవడం గురించి

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్ళకి వినిపిస్తోందా? సరే.

నేను సంస్కృత పండితుణ్ణి కాను. ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. ఉత్త చదువరిని. ముప్పై ఏళ్ళుగా గీత, ఉపనిషత్తులు, భారత రామాయణాలు అనువాదాల్లోనే చదువుతూ, వచ్చీరాని సంస్కృతంతో మూలం వైపు తొంగిచూస్తూ వచ్చాను. ఈ లోపల కొన్న పనికిరాని పుస్తకాలతో ఒక బీరువా నిండింది. ఇవాళ మీ ముందు మాట్లాడటానికి నాకున్న అర్హత ఆ బీరువాయే.

మొదటి దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్తాను. పంతొమ్మిదేళ్ళ వయసులో గీత పట్టుకుని కూర్చున్నాను. 14వ అధ్యాయం, 8వ శ్లోకం. తమోగుణం మనిషిని దేనితో కట్టిపడేస్తుందో కృష్ణుడు చెప్తున్నాడు. "ప్రమాదాలస్యనిద్రాభిస్తన్నిబధ్నాతి భారత." కింద తెలుగులో, "ఓ భారతా, ఆ తమస్సు ప్రమాదము, ఆలస్యము, నిద్రలచేత జీవుని బంధించును" అని ఉంది. నేను ఎలా అర్థం చేసుకున్నానంటే, ప్రమాదం అంటే యాక్సిడెంట్, ఆలస్యం అంటే లేటు, నిద్ర అంటే నిద్రే. తమోగుణం ఉన్నవాడు బాగా నిద్రపోతాడు, అందుకని లేటవుతాడు, లేటయింది కాబట్టి బండి జోరుగా తోలతాడు, యాక్సిడెంట్ అవుతుంది. (నవ్వులు) నవ్వుతున్నారు కానీ నేను నిజంగానే అలా సమాధానపడి పేజీ తిప్పేశాను. కృష్ణుడు ఎంత ప్రాక్టికల్‌గా చెప్పాడో అని మెచ్చుకున్నాను కూడా.

చాలా ఏళ్ళ తర్వాత ప్రతిపదార్థం ఉన్న పుస్తకం ఒకటి చేతికొచ్చింది. అందులో "ప్రమాద" పక్కన "ఏమరుపాటు" అని ఉంది. "ఆలస్య" పక్కన "సోమరితనం" అని ఉంది. నాకు సిగ్గేసింది. సంస్కృతంలో ప్రమాదం అంటే చెయ్యాల్సిన దాని మీద ధ్యాస తప్పడం. తైత్తిరీయోపనిషత్తులో చదువు పూర్తయిన శిష్యుడికి గురువు చెప్పే "స్వాధ్యాయాన్మా ప్రమదః" కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. చదువు విషయంలో ఏమరకు అని. ధ్యాస తప్పితే జరిగేదానికి తెలుగులో ప్రమాదం అన్న పేరు స్థిరపడింది. సోమరితనం వల్ల జరిగే జాప్యానికి ఆలస్యం అన్న పేరు స్థిరపడింది. కారణం పేరు తీసి ఫలితానికి పెట్టుకున్నాం. భాషలో అది మామూలే, తప్పేం లేదు. కానీ గీతకు అనువాదం రాసేవాడు ఆ మాటను అలాగే దింపేస్తే, అచ్చు తెలుగులో ఉన్న వాక్యం తెలుగువాడికే తప్పుగా అందుతుంది.

నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఇదే. కష్టమైన మాట మనల్ని మోసం చెయ్యదు. "క్షేత్రజ్ఞుడు" అని కనిపిస్తే ఆగుతాం, ఇదేంటో తెలియదే అనుకుంటాం, వెతుక్కుంటాం. తెలిసిన మాట దగ్గర ఆగం. సంస్కృత పదానికి చివర డు, ము, వు, లు తగిలిస్తే తెలుగైపోతుందని చిన్నప్పుడు వ్యాకరణంలో నేర్చుకున్నాం కదా. కొందరు అనువాదకులు కూడా అంతటితో పని అయిపోయిందనుకుంటారు. ఇంగ్లీషులోకి చేసేవాడికి ఈ సౌకర్యం లేదు. ప్రమాదం అన్న చోట తన భాషలో ఏదో ఒక మాట వెతుక్కోవాలి, వెతికేటప్పుడు అర్థం గురించి ఆలోచించి తీరాలి. మనవాడికి ఆలోచించకుండా దాటేసే వీలుంది.

ఇలాంటివి ఎన్ని ఉన్నాయంటే! భారతంలో ఉద్యోగ పర్వం ఉంది. అక్కడ ఎవరికీ ఉద్యోగం దొరకదు. ఉద్యోగం అంటే ప్రయత్నం, సన్నాహం. యుద్ధానికి సిద్ధపడటం. ఆగ్రహం అంటే మనకు కోపం, సంస్కృతంలో గట్టి పట్టుదల. సత్యాగ్రహం అన్న మాటలో ఆ పాత అర్థం ఇంకా బతికుంది. అనుమానం అంటే మనకు శంక, తర్కశాస్త్రంలో పొగను చూసి నిప్పుందని తేల్చుకోవడం. "వీతరాగభయక్రోధః" అన్న చోట రాగం పాటలోది కాదు, మమకారం. 13వ అధ్యాయంలో "వికారాంశ్చ గుణాంశ్చైవ విద్ధి ప్రకృతిసంభవాన్" అని వస్తుంది. వికారాలు ప్రకృతి నుంచి పుడతాయట. కడుపులో తిప్పడమా? కాదు, మార్పులు. మూలపదార్థం రూపం మారడం.

అందుకని పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడు నేను ఇప్పటికీ నేరుగా 14వ అధ్యాయం 8వ శ్లోకానికి వెళ్తాను. "ఏమరుపాటు", "అజాగ్రత్త", "పరాకు", వీటిలో ఏదో ఒకటి కనిపిస్తే ఆ అనువాదకుడికి నేనొకణ్ణి చదువుతున్నానన్న స్పృహ ఉందని అర్థం. ఒట్టి "ప్రమాదము" అని ఉంటే పుస్తకం మూసేస్తాను. కొంచెం మొండితనమే. కానీ ఒక్క నిమిషంలో తేలిపోయే పరీక్ష ఇంకొకటి నాకు తెలియదు.

ఇంకో శ్లోకం అందరికీ నోటికొచ్చిందే. "కర్మణ్యేవాధికారస్తే మా ఫలేషు కదాచన." చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. రెండో సగం ఎంతమందికి వచ్చు? "మా కర్మఫలహేతుర్భూర్మా తే సంగోఽస్త్వకర్మణి." మొత్తం శ్లోకంలో నాలుగు సంగతులున్నాయి. పని చెయ్యడంలోనే నీకు అధికారం. ఫలాల మీద ఎప్పుడూ లేదు. ఫలం కోసమే పని చేసేవాడివి కావద్దు. నాలుగోది, పని మానెయ్యడం మీద కూడా నీకు మోజు కలగకూడదు. ఈ నాలుగోది చాలా పుస్తకాల్లో సగం మింగేస్తారు. దాంతో శ్లోకం కాస్తా "జీతం అడక్కుండా పని చెయ్యి" అన్నట్టు తయారవుతుంది. ఫలం ఎలాగూ నా చేతిలో లేదు కదా, అలాంటప్పుడు అసలు చెయ్యడం ఎందుకు అని అర్జునుడు అడగబోయే ప్రశ్నకి ముందే వేసిన అడ్డుకట్ట ఆ నాలుగో ముక్క. అది జారిపోతే శ్లోకమే తలకిందులవుతుంది. ఇక్కడ "అధికారం" కూడా చూసుకోండి. మన అధికార పక్షం, అధికారి లాంటి అధికారం కాదు. ఒక పనికి తగినవాడు కావడం, ఆ పని తన వంతు కావడం. మంచి అనువాదకుడు ఆ మాటను విప్పుతాడు, లేదా కింద ఒక ముక్క రాస్తాడు.

సరే, పుస్తకం లోపల ఏముంటుందో చూద్దాం. గీత అని అట్ట మీద ఉన్నవన్నీ ఒకటి కావు. కొన్ని పారాయణ ప్రతులు. అందులో పెద్ద అక్షరాల్లో శ్లోకాలే ఉంటాయి, అర్థం ఉండదు. చదవడానికి కూర్చునేవాడు పొరపాటున అది తెచ్చుకుంటే రెండో రోజే విసుగొస్తుంది. కొన్నిట్లో శ్లోకం, తాత్పర్యం ఉంటాయి. కొన్నిట్లో శ్లోకం, పదవిభాగం, ప్రతిపదార్థం, తాత్పర్యం, ఆ తర్వాత వ్యాఖ్య అన్నీ ఉంటాయి. కొన్నిట్లో శ్లోకమే ఉండదు, "గీతాసారం" అని వ్యాసాలుంటాయి. అది గీత చదివిన ఒక మనిషి ఆలోచనలు చదవడమే తప్ప గీత చదవడం అవదు. చెడ్డదని అనను, కానీ మొదటి పుస్తకంగా మాత్రం వద్దు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నా సలహా, శ్లోకం, ప్రతిపదార్థం, తాత్పర్యం మూడూ విడివిడిగా ఉన్న పుస్తకం తీసుకోండి. సంస్కృతం రాకపోయినా సరే. మనకి సగం మాటలు కనబడగానే గుర్తొస్తాయి. ఆ గుర్తొచ్చిన మాటకి పక్కన వేరే అర్థం రాసి ఉంటే అక్కడ కళ్ళు ఆగుతాయి. అలా ఆగడంలోనే సగం చదువుంది. తాత్పర్యం మీద సందేహం వస్తే ఒక వరస పైకి చూస్తే చాలు, ప్రతిపదార్థం ఉంటుంది. ఈ మాట శ్లోకంలో ఉందా, లేక ఈయన కలిపాడా అన్నది అక్కడే తేలిపోతుంది.

వాళ్ళు కలపడం గురించి ఒక సంగతి చెప్పాలి. ఒకాయన రాసిన గీత రెండేళ్ళు భక్తిగా చదివాను. రచయిత పేరు చెప్పను. ఒక శ్లోకంలో నాకు బాగా నచ్చిన వాక్యం ఒకటి ఉండేది, నలుగురిలో చెప్పేవాణ్ణి, కృష్ణుడు ఇలా అన్నాడు అని. ఒకసారి ఒక పెద్దాయన, "బాబూ, అది ఏ శ్లోకం?" అన్నారు. ఇంటికొచ్చి మూలం వెతికాను. ఎక్కడా లేదు. వ్యాఖ్యని తాత్పర్యంలో కలిపేసి ఒకే టైపులో అచ్చేశారు. కృష్ణుడి మాట ఎక్కడ ఆగిందో ఈయన మాట ఎక్కడ మొదలైందో తెలుసుకునే దారే లేదు. అప్పటి నుంచి వ్యాఖ్యని వేరే టైపులో గానీ, "విశేషం" అని వేరుగా గానీ వెయ్యని పుస్తకం జోలికి పోవడం లేదు.

ఈ సందర్భంలోనే గోడల మీద, ఫోన్లలో కనబడే గీతాసారం గురించి. "ఏది జరిగిందో అది మంచికే జరిగింది, నీదేం పోయిందని ఏడుస్తున్నావు" అని ఉంటుంది చూడండి. చాలా మందికి ఓదార్పు ఇచ్చిన మాటలే. కానీ అది గీతలో ఏ శ్లోకానికీ అనువాదం కాదు. 700 శ్లోకాలూ వెతకండి, దొరకదు.

ఇప్పుడు కొంచెం చిక్కు విషయం. "ఏ పక్షమూ పట్టని శుద్ధమైన అనువాదం చెప్పండి" అని అడుగుతుంటారు. ఒక్క ఉదాహరణ చూపిస్తాను. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకి తొమ్మిదిసార్లు చెప్పే మాట "తత్త్వమసి". దానికి ముందు "స ఆత్మా" అని ఉంది. కలిపి పలికితే "స ఆత్మాతత్త్వమసి". సంస్కృతంలో సంధి చేసి కలిపి చదువుతారు కదా, ఇప్పుడు విడగొట్టండి. "ఆత్మా, తత్ త్వమ్ అసి" అని విడగొడితే "అది నువ్వే" అని వస్తుంది. శంకరులు అలా చదివారు. "ఆత్మా, అతత్ త్వమ్ అసి" అని విడగొడితే "అది నువ్వు కావు" అవుతుంది. మధ్వాచార్యుల సంప్రదాయం అలా చదివింది. దీర్ఘంలో ఒక "అ" దాక్కుందా లేదా అన్న దాని మీద అద్వైతం, ద్వైతం నిలబడ్డాయి! రామానుజుల వారు పదాలను శంకరుల లాగే విడగొట్టినా జీవుడు ఈశ్వరుడికి శరీరం అన్న భావంతో వేరే రకంగా అన్వయించారు. ఇప్పుడు చెప్పండి, అనువాదకుడు ఏదో ఒక చోట గీత గియ్యకుండా కలం కదల్చగలడా?

కాబట్టి పక్షం ఉండటం తప్పు కాదు, దాన్ని దాచిపెట్టడమే తప్పు. పీఠిక చదవండి. మనం పీఠిక వదిలేసి లోపలికి దూకుతాం, అది మనకున్న చెడ్డ అలవాటు. మంచి పుస్తకంలో అక్కడే చెప్తారు, "శాంకర భాష్యాన్ని అనుసరించి రాశాను" అనో, "రామానుజ భాష్యం ప్రకారం" అనో. ఇస్కాన్ వారి గీత కృష్ణభక్తి సంప్రదాయంలోది, ఆ సంగతి వాళ్ళు దాచుకోరు. శ్రీకాళహస్తి శుకబ్రహ్మాశ్రమం విద్యాప్రకాశానందగిరి స్వామి వారి గీతామకరందం వేదాంత బోధ కోసం రాసింది. తిలక్ గీతారహస్యం మాండలే జైల్లో రాసింది, 1915లో అచ్చయింది, అందులో గీత అంటే కర్మయోగమే. గాంధీ గారికి అదే గీత అనాసక్తి యోగం అయింది. ఇంతమంది చేతుల్లో ఇన్ని రకాలుగా పలికిందంటే ఎవరో అబద్ధం చెప్తున్నారని కాదు. మీ ఇంట్లో ఏ సంప్రదాయం ఉంటే దానితో మొదలుపెట్టండి. రెండోసారి చదివేటప్పుడు మాత్రం వేరే సంప్రదాయం వారిది పక్కన పెట్టుకోండి.

ఒక అనువాదకుడు నిజాయితీపరుడా కాదా అని చూడటానికి ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రం కూడా బాగుంటుంది. చివర "మా గృధః కస్యస్విద్ధనమ్" అని ఉంది. ఒక రకంగా చదివితే "ఎవరి ధనానికీ ఆశపడకు". ఇంకో రకంగా "ఆశపడకు. ధనం ఎవరిది?" అని ప్రశ్న. మొదటిది బుద్ధిగా ఉండమంటుంది. రెండోది విన్నవాడు కాసేపు మాట్లాడలేడు. శంకరులు తన భాష్యంలో రెండు అర్థాలూ ఇచ్చారు. మీ పుస్తకంలో రెండోదాని ప్రస్తావన ఉందా చూడండి. ఉంటే మీ మీద గౌరవంతో రాసినట్టు.

భారతం, భాగవతం, రామాయణాల దగ్గరికి వస్తే కథ మారుతుంది. ఇక్కడ మనం చాలా అదృష్టవంతులం, ఆ అదృష్టమే కొంచెం తికమక పెడుతుంది కూడా. నన్నయ, తిక్కన, ఎర్రన చేసినది ఈ రోజు మనం అనే అనువాదం కాదు. వాళ్ళు భారతాన్ని తెలుగులో మళ్ళీ పుట్టించారు. తిక్కన గారి భీష్మపర్వంలో భగవద్గీత చూద్దామని వెళ్తే, 700 శ్లోకాల గీత చాలా కొద్ది పద్యాల్లో అయిపోతుంది. ఆయన దృష్టి యుద్ధం మీద, కథ నడక మీద ఉంది. గీత కోసం తిక్కన దగ్గరికి వెళ్ళకూడదు, తిక్కన కోసం తిక్కన దగ్గరికి వెళ్ళాలి.

పోతన గారు ఇంకా ముచ్చట. గజేంద్ర మోక్షంలో విష్ణువు పరుగెత్తుకొచ్చే పద్యం రాని తెలుగువాడు ఎవరు? "సిరికిం జెప్పడు." లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు చేతుల్లోకి తీసుకోడు, పరివారాన్ని పిలవడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చెయ్యమనడు, అంత తొందర. సంస్కృత భాగవతంలో ఎనిమిదో స్కంధం మూడో అధ్యాయం తీసి చూడండి. అక్కడ స్వామి గరుడుడి మీదే వస్తాడు, చక్రం పట్టుకునే వస్తాడు, "ఛందోమయేన గరుడేన" అని. లక్ష్మి పైట కొంగు చేతిలో ఉండిపోవడం లాంటివేవీ అక్కడ లేవు. అదంతా పోతన గారిది. మూలం తప్పా, పోతన తప్పా అని వాదించుకునేవాళ్ళని చూశాను. ఎవరిదీ తప్పు లేదు. వ్యాసుడి భాగవతం తెలుసుకోవాలంటే శ్లోకతాత్పర్యాలున్న పుస్తకం వేరు, పోతన వేరు. రెండూ ఇంట్లో ఉండాలంటాను.

రామాయణంలోనూ అంతే. అహల్య రాయిగా మారడం వాల్మీకంలో లేదు. ఎవరికీ కనబడకుండా, గాలే ఆహారంగా, బూడిదలో పడి ఉండమని శాపం. సేతువు కట్టేటప్పుడు ఉడుత సాయం వాల్మీకంలో లేదు, మన రంగనాథ రామాయణంలో ఉంది. కొత్తవాళ్ళు వాల్మీకి అనువాదం చదువుతూ "ఉడుత కథ ఎగరగొట్టాడు, పుస్తకం అసంపూర్ణం" అని తిరిగి ఇచ్చేసిన సందర్భం నేను చూశాను. పాపం ఆ పుస్తకం మంచిదే. వాల్మీకి శ్లోకానికి శ్లోకం కావాలంటే పుల్లెల శ్రీరామచంద్రుడు గారి బాలానందిని వ్యాఖ్య ఉంది. ప్రతిపదార్థం, తాత్పర్యం ఉంటాయి, ఎక్కడా ఆడంబరం ఉండదు. గోరఖ్‌పూర్ గీతాప్రెస్ 1923 నుంచి ఈ పనే చేస్తోంది, వాళ్ళ తెలుగు ప్రతులు తేలిగ్గా దొరుకుతాయి. కథ సాఫీగా వచనంలో కావాలంటే భారతానికి పురిపండా అప్పలస్వామి గారి వ్యావహారికాంధ్ర మహాభారతం ఉంది. పద్యం రుచి కావాలి కానీ అర్థం తెలియదు అనేవాళ్ళకి తిరుమల తిరుపతి దేవస్థానం వారు వేసిన కవిత్రయ భారతం, పోతన భాగవతం ఉన్నాయి, తాత్పర్యాలతో సహా.

వేదాల గురించి రెండు మాటలు. ఉత్సాహంగా ఋగ్వేదంతో మొదలుపెట్టేవాళ్ళు ప్రతి ఏడాదీ ఒకరిద్దరు కనబడతారు. అన్నిటికీ మూలం అదే కదా, అక్కడి నుంచే మొదలుపెడదాం అని. 10 మండలాలు, 1028 సూక్తాలు. మొదటి పది సూక్తాలకే ఊపిరాడదు. అగ్నిని పిలుస్తారు, ఇంద్రుణ్ణి పిలుస్తారు, సోమం తాగమంటారు, మళ్ళీ పిలుస్తారు. యజ్ఞం ఎలా నడుస్తుందో తెలియనివాడికి అందులో ఎక్కడ నిలబడాలో తెలియదు. దాశరథి రంగాచార్య గారు నాలుగు వేదాలనీ తెలుగు వచనంలోకి తెచ్చారు, చదవడానికి హాయిగా ఉంటుంది. అయినా సరే, మొదట అక్కడికి వెళ్ళకండి. భారత రామాయణాలు కథలుగా, తర్వాత గీత, తర్వాత కఠోపనిషత్తు, ఈశావాస్యం. కఠంలో నచికేతుడు యముడి ఇంటి ముందు మూడు రాత్రులు తిండి లేకుండా కూర్చుంటాడు, కథ ఉంది కాబట్టి పట్టు దొరుకుతుంది. మాండూక్యం 12 మంత్రాలే కదా చిన్నది అని ముందు దాన్ని పట్టుకోకండి. చిన్నది కాబట్టే కష్టం. ఉపనిషత్తులకు రామకృష్ణ మఠం వారి తెలుగు ప్రతులు కొత్తవాళ్ళకి బాగా పనికొస్తాయి.

ఇంటర్నెట్‌లో వెతికేవాళ్ళకి ఒక హెచ్చరిక. అక్కడ ఉచితంగా దొరికే ఇంగ్లీషు అనువాదాల్లో ఎక్కువ భాగం పందొమ్మిదో శతాబ్దంవి. కారణం కాపీరైట్. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళకి హక్కు తీరిపోతుంది, అలా తీరిపోయినవే ఉచితంగా పెడతారు. మంచివి కాబట్టి పైన కనిపిస్తున్నాయి అనుకోకండి, పాతవి కాబట్టి కనిపిస్తున్నాయి. గ్రిఫిత్ అనే ఇంగ్లీషు పండితుడు ఋగ్వేదానికి చేసిన అనువాదం 1889లో మొదలైంది. ఆయనకు అసభ్యం అనిపించిన కొన్ని మంత్రాలను ఇంగ్లీషులో రాయకుండా లాటిన్‌లో రాసి అనుబంధంలోకి తోసేశాడు. (నవ్వులు) లాటిన్ వచ్చినవాళ్ళు చెడిపోయినా ఫర్వాలేదేమో. మాక్స్ ముల్లర్ సంపాదకత్వంలో మొదలైన 50 సంపుటాల "సేక్రెడ్ బుక్స్ ఆఫ్ ది ఈస్ట్" సీరీస్ 1879 నుంచి 1910 దాకా వచ్చింది. చరిత్రలో దానికి చోటుంది, కానీ మొదటి పుస్తకంగా చదవడానికి బరువు. కిసారీ మోహన్ గంగూలీ భారతం మాత్రం ఇప్పటికీ నిలబడే పని, 1883 నుంచి 1896 దాకా దాదాపు ఒక్కడే చేశాడు. ఇంగ్లీషు పాత వాసన వేస్తుంది, అంతే.

ఇంకొకటి, ఆ పుస్తకం మూలం నుంచి వచ్చిందా, ఇంకో అనువాదం నుంచి వచ్చిందా అన్నది పేజీ తిప్పి చూడండి. మొగల్ రాకుమారుడు దారా షికోహ్ 1657లో 50 ఉపనిషత్తుల్ని పారశీకంలోకి చేయించాడు. దాన్ని ఫ్రెంచి పండితుడు ఆంకెటీల్ దుపెరాన్ లాటిన్‌లోకి తెచ్చాడు, 1801, 1802లో అచ్చయింది. జర్మనీలో తత్త్వవేత్త షోపెన్‌హావర్ చదివి తన్మయుడైంది ఆ లాటిన్ పుస్తకాన్నే. సంస్కృతం, పారశీకం, లాటిన్, మూడు చేతులు మారింది. అయినా అంత మహానుభావుణ్ణి కదిలించింది నిజమే, కానీ ఒక మాటకు కచ్చితంగా ఏమర్థం అని దాన్ని అడగలేం. మన తెలుగులో కూడా హిందీ నుంచో ఇంగ్లీషు నుంచో దింపినవి బోలెడు. లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడ ఏమీ రాయకపోతే కొంచెం అనుమానించండి. ఇది మన తెలుగు అనుమానమే.

ఇక ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక యువతి: సార్, నాకు తెలుగు చదవడం స్లో. ఇంగ్లీషులో చదవొచ్చా?)

చదవండమ్మా, తప్పేముంది. ఇందాక చెప్పిన ప్రమాదం, ఆలస్యం బాధ నీకు లేదు, అదృష్టవంతురాలివి. గీతకి ఏకనాథ్ ఈశ్వరన్ తేలిగ్గా ఉంటుంది. రాధాకృష్ణన్ గారిది 1948లో వచ్చింది, మూలశ్లోకం కూడా ఉంటుంది, కొంచెం తత్త్వశాస్త్రం పాలు ఎక్కువ. ఉపనిషత్తులకి పాట్రిక్ ఒలివెల్. ఆయన ఏ సంప్రదాయం వైపూ మొగ్గకుండా భాషాశాస్త్ర దృష్టితో చేశాడు, అందుకే కొందరికి పొడిగా అనిపిస్తుంది. భారతం మొత్తం కావాలంటే బిబేక్ దేబ్రాయ్ 10 సంపుటాలు. అది పుణె భండార్కర్ సంస్థ వారి పరిశోధిత ప్రతి ఆధారంగా చేసింది. వాళ్ళు వందల రాతప్రతులు పోల్చి 1966 దాకా పనిచేసి ఆ పాఠం నిర్ణయించారు. కాబట్టి నీకు తెలిసిన కథలు కొన్ని అందులో కనిపించవు. వ్యాసుడు చెప్తుంటే గణపతి రాయడం ఉంది చూడు, అది కూడా అసలు పాఠంలో లేదు, అనుబంధంలోకి వెళ్ళింది. చూసి కంగారు పడకు.

(ఒక పెద్దాయన: వినడానికి ఏవైనా చెప్పండి, కళ్ళు సహకరించడం లేదు.)

ఘంటసాల గారి గీత ఉంది కదండీ. అది మొత్తం గీత కాదు, ఏరిన వంద పైచిలుకు శ్లోకాలు, తెలుగు తాత్పర్యంతో. ముందు అది విని, తర్వాత పూర్తి గీత ఎవరైనా చదివి వినిపించేలా చూసుకోండి. రామాయణ భారతాలకి ఉషశ్రీ గారు రేడియోలో చెప్పినవి మీకు నాకంటే బాగా గుర్తుండి ఉంటాయి.

(మరొకరు: మీరు వికారం శ్లోకం చెప్పగానే పుస్తకం తీశాను. నా దాంట్లో 13వ అధ్యాయం 20వ శ్లోకం. పక్కాయన పుస్తకంలో 19. ఎవరిది తప్పు?)

మంచిదైంది అడిగారు. ఇద్దరివీ సరైనవే. 13వ అధ్యాయం మొదట్లో అర్జునుడు ప్రశ్న అడిగే శ్లోకం ఒకటి కొన్ని ప్రతుల్లో ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. శంకర భాష్యంలో అది లేదు. అది ఉంటే అధ్యాయానికి 35 శ్లోకాలు, గీత మొత్తం 701 అవుతుంది. లేకపోతే 34, మొత్తం 700. అందుకే ఆ అధ్యాయం అంతా నంబర్లు ఒకటి చొప్పున జరుగుతాయి. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివేవాళ్ళు అక్కడ నంబరుతో వెతక్కండి, శ్లోకం మొదటి మాటతో వెతకండి. పుస్తకం చివర అకారాది క్రమంలో శ్లోకాల పట్టిక ఉంటుంది చూడండి. ఉందా? "ప్ర" దగ్గరికి వెళ్ళండి. అర్జునుడి ప్రశ్న "ప్రకృతిం పురుషం చైవ" అని మొదలవుతుంది, వికారాల శ్లోకం కూడా అచ్చం ఆ మూడు మాటలతోనే మొదలవుతుంది. మీ పట్టికలో అది రెండుసార్లు కనిపించాలి, ఆయన దాంట్లో ఒక్కసారే కనిపించాలి. చూసి చెప్పండి.